గంగాదేవి పడుగు

సాలె వీధిలో కోడి కూయకముందే గంజి వాసన లేచేది. ఒక ఇంటివాళ్ళు వీధి పొడుగునా పడుగు దారాలు చాపి కుంచెతో గంజి పట్టిస్తుంటే, మా గడప ముందు గుంజ ఎందుకు పాతారని ఇంకో ఇంటివాళ్ళు కొట్లాటకు దిగేవాళ్ళు. ఎండ ఎక్కేదాకా మాటకు మాట, ఎండ ఎక్కాక ఎవరి మగ్గం గుంటలోకి వాళ్ళు. నలభై గడపల వీధి అది. ఆదోని సంతకు పోవాలంటే పొద్దున బండి కడితే సాయంత్రానికి చేరేవాళ్ళు.

కాశన్న ఇంట్లో మాత్రం పొద్దున్నే ఒక పని ఎక్కువ. తన మగ్గం పక్కనున్న రెండో మగ్గం దుమ్ము దులిపి, గుంటలో నీళ్ళు చిలకరించి, ఆ రోజు వంతు ఎవరిదో వాళ్ళ కోసం వాకిలి తీసిపెట్టాలి. ఆ మగ్గం అతని పెళ్ళాం గంగాదేవిది. ఆమె పోయి పది నెలలైంది. మంచాన పడే ముందు మూడు చీరలకు సరిపడా పడుగు ఎక్కించింది. ఆ పడుగు ఇంకా అయిపోలేదు.

మూడు చీరలు ఏనాడో దిగాయి. వాటి వెనక ఇంకా ఎంత గుడ్డ దిగిందో లెక్క వేసే ఓపిక ఎవరికీ లేదు. వీధిలో దీన్ని చూసి నోరు వెళ్ళబెట్టినవాళ్ళూ లేరు. వంతుకు వచ్చినవాళ్ళు గుంటలోకి దిగుతూ "ఇంకా ఉండాదా?" అంటారు. "ఉండాది" అంటాడు కాశన్న. అంతటితో సరి. నూలు అమ్మే సేటు ఒక్కడు మొహం ముడుచుకున్నాడు, ఒక బేరం పోయింది కదా మరి.

గంగాదేవిని తీసుకుపోయింది నారికురుపు. ఆ సీమలో అది ఎవరికీ కొత్త కాదు. దిగుడుబావి నీళ్ళు తాగే ఊళ్ళలో ఎండాకాలం వస్తే నలుగురైదుగురికి కాలి మీద పొక్కు లేచి పగులుతుంది. అందులోంచి తెల్ల దారంలాంటి పురుగు తల బయటపెడుతుంది. దాన్ని పుల్లకు చుట్టి రోజుకు ఒక వేలెడు, ఒక్క వేలెడే లాగాలి. తెగిందంటే లోపల మిగిలిన ముక్క కాలంతా కుళ్ళబెడుతుంది. ఇది వీధిలో బొడ్డూడని పిల్లలకు కూడా తెలుసు.

కాశన్నకూ తెలుసు. కానీ కాశన్న చెయ్యి పేరున్న చెయ్యి. ఎంత సన్న నూలైనా అతని వేళ్ళ మధ్య తెగిందని ఎవరూ అనలేదు. అయిదు రోజులు వేలెడు చొప్పునే చుట్టాడు. ఆరో రోజు గంగాదేవి నొప్పికి పళ్ళు బిగబట్టి, "ఇంగెన్ని దినాలు? నీ చేతిలో యానాడన్నా దారం తెగిందా? లాగెయ్యి" అంది. ఆ మాట అతని చెవికి ఇంపుగానే తగిలింది. పెళ్ళిచీరలు అప్పజెప్పే గడువు కూడా దగ్గరపడింది. పుల్ల తిప్పాడు. జానెడు వచ్చింది. ఇంకో జానెడు వచ్చింది. మూడో జానకు తెగింది.

తొమ్మిది రోజుల్లో ఆమె పోయింది. తెగిన ముక్కను పుల్లతో సహా పొయ్యిలో పడేసి, "పురుగంతా వచ్చిందబ్బా, అయినా జ్వరం దిగలే" అని కాశన్న వీధికి చెప్పాడు. అందరూ నమ్మారు. ఆ చేతిని నమ్మక ఎవరిని నమ్ముతారు?

ఆ వానాకాలంలోనే మద్రాసు నుంచి రామకృష్ణ అనే కుర్ర డాక్టరు వచ్చి చావడిలో దిగాడు. నారి ఎక్కణ్ణుంచి వస్తుందో, ఎట్లా తీస్తే మనిషి బతుకుతాడో తేల్చడం అతని పని. బావి నీళ్ళ చుక్కను గాజుబిళ్ళ మీద పోసి ఇత్తడి గొట్టంలోంచి చూసేవాడు, అడిగినవాళ్ళకు చూపించేవాడు. నేతవాళ్ళ మీద పెత్తనం చేసే దేవేంద్రప్ప ఆ నీటిచుక్కలో గంతులేసే పురుగుల్ని చూసి రెండు రోజులు మజ్జిగతోనే సరిపెట్టుకున్నాడు. మజ్జిగలో పోసిన నీళ్ళు ఎక్కడివని ఆయన్ను అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

డాక్టరు ఇంటింటికీ తిరిగి నోటుబుక్కులో రాసుకునేవాడు. కాశన్ననూ అడిగాడు.

"రోజుకు ఎంత లాగావు?"

"వేలెడే సారూ."

"ఎన్నాళ్ళు?"

"పదిహేడు దినాలు."

"తెగలేదు కదా?"

"లేదు."

డాక్టరు రాసుకున్నాడు. కాశన్న ఆ కలం కదిలే వైపు చూడలేకపోయాడు.

మూడు నెలలు గడిచేసరికి పైనుంచి కాగితం వచ్చింది, డబ్బు అయిపోయింది, తిరిగి వచ్చేయమని. డాక్టరు చావడిలో నలుగురినీ పిలిచి చెప్పాడు. "పురుగు ఒంట్లో పెరగడానికే ఏడాది పడుతుంది. ఏడాది చూడకుండా నేను తేల్చేదేముంది?"

అప్పుడు లేచింది ఈరక్క. గంగాదేవికి తోడబుట్టిన అక్క. మొగుడు పోయి, పిల్లలు లేక, వీధి అంతటికీ పెద్దదిక్కై కూర్చున్న మనిషి. "మా చెల్లెలి పేరు మీద చలివేంద్రం పెడదామనుకుంటిమి. ఆ బావి నీళ్ళే కదప్పా దాంట్లో పోసేది? తాగినోళ్ళకు నారి పంచినట్లు అవుతాది. నీకు, నీ గొట్టానికి ఏడాదికి ఎన్ని దుడ్లు కావల్ల?"

డాక్టరు చెప్పాడు. వింటూనే నలుగురూ పైగుడ్డలు దులుపుకుని లేవబోయారు. ఈరక్క మాత్రం వెనక్కి తగ్గలేదు.

"దాని మగ్గం మీద మూడు చీరలూ నేనే నేసి దించినా, అయినా పడుగు తరగకుండా ఉండాది. ఊరికే ఉండాది. దినానికొక ఇల్లు వచ్చి మూరెడు నేసిపోతే చాలదా? ఎవరి పేక నూలు వాళ్ళు తెచ్చుకోవల్ల."

అట్లా మొదలైంది వంతు. ఎవరి నూలు వాళ్ళదే కాబట్టి ఆ గుడ్డ మూరకొక రంగు తిరిగేది. ఒకచోట పచ్చన, ఒకచోట నల్లన, పేదింటి దగ్గరికి వచ్చేసరికి ఉత్త తెలుపు. దేవేంద్రప్ప దాన్ని ఆదోనిలో అమ్మి, పైసా మిగుల్చుకోకుండా డాక్టరు చేతికి ఇచ్చేవాడు. ఆయన జీవితంలో అట్లాంటి పని చేయడం అదే మొదలు, అదే చివర. జనం ఆ గుడ్డను గంగాదేవి గుడ్డ అని అడిగి కొనేవాళ్ళు.

వీధిలో ఆ మగ్గం ఎక్కనిది కాశన్న ఒక్కడే. ఎవరన్నా అడిగితే తన మగ్గం మీద పని ఉందనేవాడు. నిజానికి అతనికి భయం. ఆ పడుగు మీద చెయ్యి వేస్తే దారాలన్నీ ఒక్కసారిగా తెగిపోతాయని భయం. పక్క గుంటలో వేరేవాళ్ళ కాళ్ళు టకటకా ఆడుతుంటే, తల తిప్పకుండా వింటూ కూర్చోవడం అతనికి ఎంత హాయిగా ఉండేదో అంత నరకంగానూ ఉండేది.

మళ్ళీ ఎండాకాలం వచ్చింది. ఏడిళ్ళలో నారి తల ఎత్తబోతున్నట్టు కాళ్ళు వాచాయి. వాచిన కాళ్ళతో మగ్గం తొక్కేదెట్లా? ఈరక్క కాశన్న గడపలో నిలబడింది.

"వంతులు తప్పుతాండాయి. నువ్వు కూర్చో."

"నా వల్ల కాదు వదినా."

"కాళ్ళు బాగున్న మగోడివి. పెండ్లాం మగ్గం మీద మూరెడు నేయడానికి ఏమొచ్చింది నీకు? కూర్చో."

కాశన్న దిగి కూర్చున్నాడు. పేక నూలు చుట్టిన నాడె విసిరాడు. దారం తెగలేదు. గుండె కుదుటపడి ఇంకా విసిరాడు. వేలెడు గుడ్డ దిగగానే కాలి కింది చెక్క ఆగిపోయింది. ఎంత తొక్కినా బండరాయిని తొక్కినట్టే. నూనె వేశాడు, తాళ్ళు సవరించాడు, పళ్ళు నూరుతూ రెండు కాళ్ళతో తొక్కాడు. లాభం లేదు. మధ్యాహ్నం ఈరక్క వచ్చి కూర్చుంటే అదే మగ్గం గుర్రంలా ఆడింది. మిగతా మూరెడు ఆమె నేసి పోయింది.

రెండో రోజూ అంతే. వేలెడు దిగింది, ఆగింది.

ఆ సాయంత్రమే పక్కింటి ఉరుకుందప్ప పెళ్ళాం హనుమమ్మ మడమ మీద పొక్కు పగిలి నారి తల బయటపెట్టింది. హనుమమ్మకు చంటిపిల్ల, మూడో నెల. డాక్టరు వచ్చి చూసి, ఉరుకుందప్పతో నెమ్మదిగా చెప్పాడు. కాశన్న గోడ ఇవతల నిలబడి విన్నాడు.

"మీ పాతకాలం పద్ధతి వద్దు. గంగాదేవికి పదిహేడు రోజులు రోజుకు వేలెడే లాగారు. పురుగు తెగకుండా వచ్చినా మనిషి పోయింది. పుండు అన్నాళ్ళు తెరిచి ఉంచబట్టే చీము పట్టిందని నా అనుమానం. రేపు పొద్దున నీళ్ళు పోస్తూ ఒక్క పూటలో లాగేద్దాం. నీవి నేతగాడి వేళ్ళు. నువ్వే లాగు."

"మా కాశన్న అంత చెయ్యి కాదు గానీ, లాగుతా సారూ" అన్నాడు ఉరుకుందప్ప.

కాశన్నకు అన్నం సయించలేదు. చెబుదామనుకున్నాడు. చెబితే ఈరక్క మొహం ఎట్లా చూసేది? ఆమె తోడబుట్టినదాన్ని చంపింది తన చెయ్యే అని నలభై గడపల్లో ఎవరి ముందు నిలబడి అనేది? ఏమో, డాక్టరు చదువుకున్నవాడు, నీళ్ళు పోస్తే తెగదేమో అని తనకు తనే సర్దిచెప్పుకున్నాడు.

మూడో రోజు పొద్దున మళ్ళీ గుంటలోకి దిగాడు. నాడె ఆడింది. వేలెడు దిగింది. చెక్క ఆగిపోయింది. ఈసారి కాశన్న తొక్కలేదు. కొత్తగా దిగిన గుడ్డ మీద తన వేలు అడ్డంగా ఆనించి చూశాడు. సరిగ్గా వేలెడు. ముందున్న దోనె కర్రకు చుట్టుకున్న గుడ్డ వెనక్కి విప్పి, ఈరక్క నేసిన మూరలకు ముందున్న నిన్నటిదీ మొన్నటిదీ చూశాడు. వేలెడు. వేలెడు. గంగాదేవి అతనితో ఇంకేం మాట్లాడుతుంది? పది నెలలుగా లోపల గడ్డకట్టిన ఏడుపు అప్పుడు వచ్చింది. దోనె మీద తల ఆనించి, నోట్లో పైగుడ్డ కుక్కుకుని, కాశన్న పసిపిల్లవాడిలా ఏడ్చాడు.

తర్వాత లేచి పక్కింటికి పోయాడు.

హనుమమ్మ గోడకు ఆనుకుని కాలు చాపుకుని ఉంది. ఈరక్క చంటిపిల్లను ఎత్తుకుని నిలబడింది. డాక్టరు చెంబుతో నీళ్ళు పోస్తున్నాడు. ఉరుకుందప్ప పుల్లకు నారి తల తగిలించి చుట్టబోతున్నాడు.

"లాగొద్దురా" అన్నాడు కాశన్న. "గంగాదేవిది తెగింది. నేను తెంపినా. తొందరపడి మూడు జానలు ఒక్కసారే లాగినా. అయిదు దినాలే వేలెడు చొప్పున చుట్టినా, ఆరో దినం లాగినా. పదిహేడు దినాలనేది అబద్ధం."

ఉరుకుందప్ప చేతిలో పుల్ల అట్లాగే ఉండిపోయింది. డాక్టరు చెంబు కింద పెట్టాడు.

"ఇన్ని నెలలూ నేను నీ అబద్ధం మీద లెక్క కట్టుకుంటూ వచ్చానా?"

"అవును సారూ."

"ఇంకొక్క క్షణం ఆలస్యమైతే ఈ అమ్మాయిని నా చేతులారా..." డాక్టరు నోటుబుక్కు తీసి, ఆ పాత పంక్తిని అడ్డంగా కొట్టేశాడు.

ఈరక్క కాశన్న వైపు చూడలేదు. పిల్లను హనుమమ్మ ఒళ్ళో పెట్టి, కొంగు భుజాన వేసుకుని బయటికి నడిచింది. ఆ నడక చూస్తే కాశన్నకు చచ్చిపోవాలనిపించింది.

అందరిలోకీ ముందు నోరు విప్పింది హనుమమ్మే. "పుల్ల కాశన్న బావకే ఇయ్యి" అంది మొగుడితో.

"తెంపినోనికా?"

"తెంపినోనికే భయముంటాది. ఇయ్యి."

కాశన్న ఆ రోజు వేలెడు చుట్టి, పుల్లను మడమకు ఆనించి మెత్తటి గుడ్డతో కట్టాడు. మర్నాడు వేలెడు. ఆ మర్నాడు వేలెడు. ఇరవై మూడు రోజులు పట్టింది. ఆఖరి రోజు నారి తోక తెగకుండా బయటికి వచ్చాక, హనుమమ్మ చంటిదాన్ని చంకనేసుకుని వాకిట్లో నాలుగడుగులు నడిచి చూపించింది. ఇరవై మూడు రోజులూ కాశన్నతో పలకని ఈరక్క, ఆ సాయంత్రం రెండు జొన్నరొట్టెలు తెచ్చి అతని ముందు పెట్టింది. "తిను" అంది. అంతకంటే ఆమె ఏమీ అనలేదు, ఆ తర్వాత ఎప్పుడూ అనలేదు.

ఏడాది నిండి డాక్టరు ప్రయాణం కట్టాడు. మద్రాసుకు పంపే కాగితాల్లో మొదటి పుట మీద గంగాదేవి పేరు రాశానని చావడిలో అందరికీ చెప్పాడు. కాశన్న లేచి, "లోపల యాడో ఒకచోట నా పేరు కూడా రాయి సారూ, తెంపింది ఎవరో తెలియల్ల" అన్నాడు. డాక్టరు అతని ముందే రాశాడు. ఆ వారంలోనే మగ్గం మీద పడుగు అయిపోయింది. వంతుకు వచ్చిన మద్దమ్మ చివరి మూర నేసి, "అయిపోయిందన్నా" అంది. కాశన్న తనే గుడ్డ కోసి, మడత పెట్టి దేవేంద్రప్పకు ఇచ్చాడు.

తర్వాత వచ్చిన ఎండాకాలాల్లో చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు కాళ్ళకు గుడ్డలు కట్టుకుని కాశన్న అరుగు మీదికి రావడం మొదలుపెట్టారు. పొద్దున మగ్గం ఎక్కే ముందు ఒక్కొక్కరికి వేలెడు చుట్టి పంపేవాడు. ఒకసారి సుబ్బయ్య అనే బండితోలేవాడు వచ్చాడు. మోకాలి కింద నారి, వెళ్ళాల్సిన ఊరు దూరం, ఎద్దులు ఎండలో నిలబడి ఉన్నాయి.

"దినమూ యాడ వస్తానన్నా? కిరాయి పోతాది. ఇంకో జానెడు లాగు. నొప్పి నేను ఓర్చుకుంటా."

కాశన్న పుల్ల కదలకుండా గుడ్డ చుట్టి ముడి వేశాడు.

"ఒకసారి లాగినా నాయనా. నా పెండ్లాం పోయింది. రేపు రా."