రెండు నొక్కులు

టాక్సీ కంపెనీ మూతపడిన వారం మెకానిక్ ఇంటి ముందు ఒక వ్యాను వచ్చి ఆగింది. దాని నిండా కార్లలోంచి పీకిన పాత రేడియో సెట్లు. ఒక్కొక్కటీ ఇటుకంత బరువు, అందం కూడా దాదాపు ఇటుకంతే. మెకానిక్ వాటిని చంటిపిల్లల్ని దించినట్టు దించుతుంటే, అతని భార్య గుమ్మంలో నడుం మీద చేతులు వేసుకుని నిలబడింది.

"ఏంటండీ ఇదంతా? ఇల్లనుకున్నారా, పాత సామాన్ల కొట్టనుకున్నారా?"

"ఓనరు పారేస్తానన్నాడే. తూకానికి కొనేవాడు కూడా ముక్కు చిట్లించాడట. చూస్తూ చూస్తూ ఎలా పారెయ్యనిస్తాను?"

"నన్ను పారెయ్యమంటే మాత్రం రెండోసారి ఆలోచించరు."

"నువ్వింత మన్నికైన సరుకు కాదుగా!" అనేసి, జవాబు వచ్చేలోపు పెరట్లో రేకుల గదిలోకి జారుకున్నాడు.

ఆ సెట్లన్నీ అతని చేతిలో పెరిగినవే. వయసులో ఉన్నప్పుడు ఆ కంపెనీలో చేరాడు. కార్లు మారాయి, డ్రైవర్లు మారారు, ఓనరు పోయి కొడుకు ఓనరయ్యాడు. సెట్లు మాత్రం అవే. ఏ సెట్టుకు ఏ జబ్బో, ఏది వానకి దగ్గుతుందో, ఏది ఎండకి మొండికేస్తుందో అతనికి కంఠతా వచ్చు. అయినా ఆ సెట్లంటే అతనికంత ప్రేమ ఎందుకని అడిగితే అసలు కారణం అది కాదు. అన్నేళ్ళూ వాటిలోంచి వినిపించిన గొంతు అతని అక్కది.

గ్యారేజీ మీద ఇరుకు గదిలో కంట్రోల్ రూమ్ ఉండేది. ఒకే కిటికీ. తిరిగేటప్పుడు కీచుమనే ఫ్యాను. గోడ మీద ఊరి పటం, వేళ్ళు పెట్టీ పెట్టీ మధ్య వీధులు చెరిగిపోయిన పటం. దాని కింద బల్ల, బల్ల మీద మైకు, మైకు ముందు అక్క. డ్రైవర్లకు ఆమె కంట్రోలక్క. ఆమెకు మాత్రం డ్రైవర్లంటే పేర్లు కాదు, కారు నంబర్లే. పదిహేడు, ఇరవై తొమ్మిది, నలభై. బజార్లో ఎదురుపడినా "ఏం పదిహేడూ, కూతురికి జ్వరం తగ్గిందా?" అనేది. చుట్టుపక్కలవాళ్ళు ఇదేం పిలుపని నోరు వెళ్ళబెట్టి చూసేవాళ్ళు.

కొత్త డ్రైవరు ఎవరొచ్చినా ఆమె మొదటి పాఠం ఒకటే. "నొక్కగానే వాగకు. బటన్ నొక్కు, ఊపిరి పీల్చుకో, అప్పుడు మాట్లాడు. సెట్టు నిద్ర లేవాలిగా. లేకపోతే మొదటి మాట మింగేస్తుంది." రెండో పాఠం, ఒకళ్ళ మాట మీద ఇంకొకళ్ళు పడకూడదు. పడ్డారో, "ఒక్కొక్కరూ! ఇదేమన్నా సంతా?" అని ఒక్క కసురు కసిరేది. దాంతో ఊళ్ళో ఉన్న కార్లన్నీ కిక్కురుమనేవి కావు.

పొద్దున్నే హాజరు తీసేది. నంబర్లు వరసగా పిలిచేది. పిలిచినప్పుడు డ్రైవరు మాట్లాడక్కర్లేదు, మైకు మీది బటన్ రెండుసార్లు నొక్కితే చాలు. టక్, టక్. అంటే ఉన్నాను, విన్నాను, బయల్దేరాను అని. ఆ నొక్కులోనే ఆమె మనిషిని పోల్చుకునేది. పదిహేడుది తొందర నొక్కు, రెండూ అతుక్కుపోయేవి. ఇరవై తొమ్మిదిది బద్ధకం, మొదటిదానికీ రెండోదానికీ మధ్య ఒక కునుకు తీయొచ్చు. నలభై నొక్కితే బటన్ విరుగుతుందేమోనని కింద గ్యారేజీలో మెకానిక్ గుండె గుభేలుమనేది. నొక్కులు రాలేదంటే ఏదో జరిగిందన్నమాట. వెంటనే దగ్గర్లో ఉన్న కారుని పంపేది. అలా ఒకసారి స్టీరింగ్ మీద వాలిపోయిన ఇరవై తొమ్మిదిని ఆస్పత్రికి చేర్పించింది.

పెళ్ళి మాట ఎత్తితే, "ఇంతమందిని వేసుకుని సంసారం చేస్తున్నాను, చాలదా?" అని నవ్వేసేది. తమ్ముడి ఇంటి మేడగదిలో ఉండేది. రోజంతా మాట్లాడి ఇంటికొచ్చి మళ్ళీ మరదలితో మాట్లాడేది. ఇద్దరూ కలిస్తే మెకానిక్ నోట్లోంచి మాట వచ్చే సందు ఉండేది కాదు.

అలాంటి మనిషికి గొంతులో కంతి లేచింది. ఆపరేషన్ చేసి ప్రాణం నిలబెట్టారు. గొంతు మాత్రం పోయింది. గాలి తప్ప మాట రాలేదు. ఆమె మంచం దిగి నడవడం మొదలుపెట్టేసరికి కంపెనీ కూడా మూతపడింది, అందరి చేతుల్లోకీ ఫోన్లొచ్చాక రేడియో టాక్సీ ఎవరికి కావాలి? గోరుచుట్టు మీద రోకటి పోటంటే అదే.

అప్పట్నుంచీ అక్క మేడ దిగడం మానేసింది. ఏం కావాలన్నా పలక మీద రాసి చూపించేది. డ్రైవర్లు చూడ్డానికొస్తే తలుపు తీసేది కాదు. ఫోనుకి వాళ్ళు పంపిన పలకరింపులు విప్పకుండానే పడున్నాయి. "ఇలాగే ఉంటే మనిషి దక్కదండీ" అని భార్య ఓ రోజు మెకానిక్ దగ్గర కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అతనికీ అదే భయం. బయటికి అనలేదు, అంతే.

రేకుల గదిలో అతని పని ఆ భయంలోంచే మొదలైంది. హామ్ రేడియో, అంటే సర్కారు లైసెన్సు తీసుకుని సొంత సెట్టుతో సరదాగా గాల్లో కబుర్లాడుకోవడం, అతని చిన్ననాటి పిచ్చి. అక్కకీ అతనికీ ఒకేసారి లైసెన్సులూ, గాల్లో ఉన్నది ఎవరో చెప్పే కాల్‌సైన్ గుర్తులూ వచ్చాయి. ఆమె వాడింది లేదు గానీ తమ్ముడు ముందు పెట్టిన ప్రతిసారీ సంతకం పెడుతూ రావడం వల్ల ఆ లైసెన్సు ఇంకా బతికే ఉంది. హామ్‌లు ఇప్పుడు మాటలే కాదు, కంప్యూటరు తగిలించి అక్షరాలు కూడా గాల్లో పంపుకుంటున్నారు. ఇక్కడ టైపు చేస్తే అక్కడ స్క్రీను మీద పడుతుంది. దానికి గొంతు అక్కర్లేదు. ఈ ముక్క తట్టిన రోజు మెకానిక్ చేతిలో టీ చల్లారిపోయింది.

టాక్సీ సెట్టుని హామ్ సెట్టుగా మార్చడం నోటితో చెప్పినంత తేలిక కాదు. దాని పాత చానళ్ళు చెరిపి హామ్‌ల చానళ్ళు ఎక్కించాలి. ఎక్కించే ప్రోగ్రాము ఎంత పాతదంటే కొత్త కంప్యూటర్లని చూసి మొహం తిప్పుకుంటుంది. అందుకోసం అటక మీంచి ఒక ముసలి కంప్యూటరు దిగింది, దాంతోపాటు భార్య దగ్గర చీవాట్లూ దిగాయి. సెట్టు వెనక సాకెట్లోంచి నాలుగు తీగలు లాగి చిన్న డబ్బాకి కలిపాడు, డబ్బాని కంప్యూటరుకి కలిపాడు. మొదట్లో పంపిన ప్రతి కబురూ పాడైపోయేది. తల ప్రాణం తోకకొచ్చింది. చివరికి అక్క మొదటి పాఠం గుర్తొచ్చి తనలో తనే నవ్వుకున్నాడు. బటన్ నొక్కినట్టయ్యాక ఒక ఊపిరిపాటు ఆగి, అప్పుడు అక్షరాలు పంపమని డబ్బాకి నేర్పాడు. అంతే, కబురు తలా తోకా సహా చేరింది.

కంపెనీ పోయాక పొద్దుపోక తిరుగుతున్న పదిహేడునీ, మరి కొందరినీ వెంటపడి పరీక్ష రాయించి లైసెన్సులిప్పించాడు. తలా ఒక సెట్టూ, అక్షరాల కోసం ఒక డబ్బా, కీబోర్డూ, స్క్రీనూ ఇచ్చాడు. అక్షరాలు గాల్లో వెళ్ళేటప్పుడు స్పీకర్లోంచి ఒక కీచు గోల వస్తుంది, పిల్లి తోక తొక్కినట్టు. అందుకని స్పీకరూ, ఎలాగూ పనిలేని మైకూ పీకేస్తానన్నాడు. పదిహేడు ససేమిరా అన్నాడు.

"మైకు లేని సెట్టు సెట్టేనా మామా? చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలి? ఉండనీ."

మిగతావాళ్ళూ అదే పాట పాడారు. సరే, ఏడవండని ఉంచేశాడు.

అక్క కోసం కట్టిన సెట్టుకి మాత్రం రెండూ ఉంచలేదు. స్పీకరు ఇంట్లో గోల అని తీశాడు. మైకు తీయడానికి కారణం వేరు. దాన్ని చూస్తే అక్క మనసు ఎక్కడ నొచ్చుకుంటుందోనని తీసి, రేకుల గదిలో మేకుకి వేలాడుతున్న మైకుల గుత్తిలో కలిపేశాడు. సెట్టుని ఇంటి ముందుగదిలో బల్ల కింద, కంటికి కనపడకుండా పెట్టాడు. పైన కీబోర్డూ స్క్రీనూ తప్ప ఏమీ లేవు. ఎంత జాగ్రత్త పడ్డానో అనుకున్నాడు పాపం.

అక్కని ఒప్పించడం అతని వల్ల కాలేదు. భార్యే మేడెక్కింది.

"వదినా, ఆ పెద్దమనిషి నెలల తరబడి ఇనుము మధ్య పడి చస్తున్నాడు. ఒక్కసారి కిందికొచ్చి, బాలేదని చెప్పి వెళ్ళిపో. కనీసం ఆ చెత్త బయట పడేయిస్తాను."

అక్క పలక మీద రాసింది. "ఫోన్లో అందరూ రాస్తారు. గాల్లో నేనుండేదాన్ని. గొంతు లేకుండా అక్కడికెళ్ళి ఏం చెయ్యను?" అది చెరిపి కింద మళ్ళీ రాసింది. "ఒక్కసారే. ఎవరూ పలక్కపోతే ఇంకెప్పుడూ నన్ను అడగొద్దు."

ఆదివారం పొద్దున్న డ్రైవర్లందరికీ చెప్పి ఉంచాడు మెకానిక్. అక్క దిగొచ్చింది. కుర్చీలో కూర్చుని, అలవాటు చొప్పున లేని మైకు కోసం చెయ్యి కాస్త ముందుకి చాపి, మళ్ళీ వెనక్కి తీసుకుంది. అది చూసి మెకానిక్ చూపు తిప్పుకున్నాడు. కీబోర్డు మీద వేళ్ళు పెట్టి ఆమె మెల్లగా టైపు చేసింది.

"కంట్రోల్. హాజరు. పదిహేడు?"

స్క్రీను ఖాళీగా ఉంది. ఫ్యాను తిరుగుతోంది. మరదలు ముందుకి వంగి చూసింది.

"ఇరవై తొమ్మిది?"

ఏమీ లేదు. మెకానిక్ వంగి తీగలు కదిపాడు, డబ్బా లైటు చూశాడు. అన్నీ సవ్యంగానే ఉన్నాయి.

"నలభై?"

ఒక్క అక్షరం రాలేదు. అక్క ఇంకాసేపు కూర్చుంది. హాజరులో జవాబు రాకపోతే దగ్గర్లో ఉన్న కారుని పంపే మనిషి. ఇప్పుడు ఎవరిని పంపుతుంది? లేచింది. తమ్ముడి భుజం మీద చెయ్యి వేసి, నీ తప్పేం లేదులే అన్నట్టు తట్టి, మేడెక్కి గడియ పెట్టుకుంది. ఆ తట్టుడే అతన్ని చంపేసింది. తిట్టినా బాగుండేది.

"మీ డ్రైవర్లకి సిగ్గుందా? ఒక్క ఆదివారం పొద్దున్నే లేవలేకపోయారా?" అని భార్య విరుచుకుపడుతుండగా ఫోను మోగింది. పదిహేడు.

"మామా! అక్క పిలిచింది, చూశావా! నా నంబరే మొదట పిలిచింది! నాకైతే ఏడుపొచ్చేసిందనుకో. మరి హాజరు మధ్యలో ఆపేసిందేం?"

"నోర్ముయ్యి! పిలిస్తే పలకరేం రా మీరు?"

"పలక్కపోవడమేంటి? అందరం పలికాం!"

"ఎక్కడ పలికారు? ఇక్కడ స్క్రీను మీద ఒక్క అక్షరం ముక్క లేదు."

"అక్షరమేంటి మామా? హాజరుకి ఎవడైనా అక్షరాలు రాస్తాడా?" పదిహేడు గొంతులో నిజంగానే ఆశ్చర్యం. "నొక్కాను. రెండుసార్లు."

మెకానిక్ చూపు బల్ల కింది సెట్టు మీద పడింది. స్పీకరు. తన చేత్తో పీకేసిన స్పీకరు. వాళ్ళంతా పలికారు, అక్క ముందే పలికారు, వినపడకుండా చేసింది తను.

"ఒరేయ్, మిగతావాళ్ళనీ ఈ ఫోన్లోకి కలుపు. ఎవ్వరూ కదలొద్దు!"

రేకుల గదిలోకి పరిగెత్తాడు. స్పీకరు దొరికింది, పొడుగాటి తీగ దొరికింది. వెనక్కొచ్చి ఒక కొస సెట్టుకి తగిలించి, చుట్ట విప్పుకుంటూ మేడమెట్లెక్కాడు. వెనకాలే భార్య తీగ చిక్కుపడకుండా పట్టుకుని ఎక్కింది. మూసిన తలుపు దగ్గర స్పీకరు నేల మీద పెట్టి, ఫోన్లో చెప్పాడు.

"ఇప్పుడు నొక్కండ్రా. వరసగా."

టక్‌టక్. అతుక్కుపోయిన నొక్కు.

కాసేపు ఏమీ లేదు. తర్వాత టక్. ఇంకాస్త ఆగి, తీరిగ్గా, టక్.

తర్వాత వచ్చినవి రెండూ స్పీకరు బద్దలయ్యేంత గట్టిగా వచ్చాయి.

లోపల కుర్చీ కదిలిన చప్పుడైంది. గడియ తీసింది. గుమ్మంలో అక్క, రెండు చెంపలూ తడిసి ఉన్నాయి. నేల మీద స్పీకరునీ, తీగ పట్టుకుని మెట్ల మీద నిలబడ్డ మరదలినీ, తలదించుకున్న తమ్ముడినీ చూసింది.

"వాళ్ళు అప్పుడే పలికారక్కా. నేనే... స్పీకరు నేనే తీసేశాను" అన్నాడు మెకానిక్. అరవై దాటినవాడు చిన్నపిల్లాడిలా వెక్కాడు.

ఆమె తమ్ముడి నెత్తిన ఒక్క మొట్టికాయ వేసింది. గబగబా మెట్లు దిగింది, స్పీకరు ఎత్తుకుని వాళ్ళిద్దరూ వెనకే దిగారు. కింద స్క్రీను మీద ఈసారి అక్షరాలు పడుతున్నాయి, ఒక్కొక్కటే, ఒంటి వేలితో కొడుతున్నట్టు. పదిహేడు పంపుతున్నాడు. "కంట్రోల్ ఉందా?"

అక్క కీబోర్డు ముట్టుకోలేదు. తమ్ముడి వైపు చెయ్యి చాపి, వేళ్ళు ముడిచి, బొటనవేలితో గాల్లో నొక్కి చూపించింది. అతనికి అర్థమైంది. మేకు మీది గుత్తిలోంచి ఒక మైకు లాక్కొచ్చి తగిలించాడు. పాత మైకు, బటన్ దగ్గర నలుపంతా అరిగి తెల్లబడిన మైకు. అక్క దాన్ని అరచేతిలోకి తీసుకుంది. నోటి దగ్గరికి తీసుకెళ్ళలేదు. గుండెకి ఆనించి పట్టుకుని నొక్కింది.

టక్. టక్.

ఆ రెండు నొక్కులకి గొంతుతో పని ఎప్పుడూ లేదు. ఇన్నాళ్ళూ హాజరు పిలవడమే తప్ప, తను హాజరు పలకాల్సిన అవసరం ఆమెకెప్పుడూ రాలేదు.

ఆ తర్వాత స్పీకరు పేలిపోయింది. టక్ టక్ టక్‌టక్ టక్. పదిహేడూ, ఇరవై తొమ్మిదీ, నలభై, అందరూ ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి ఎడాపెడా నొక్కేస్తున్నారు. "కాల్‌సైన్ లేకుండా ఆ నొక్కులేంట్రా, లైసెన్సులు పీకేస్తారు!" అని మెకానిక్ అరుస్తున్నాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో అతనికే తెలీదు. అక్క తరఫున ఆమె కాల్‌సైన్ పంపడానికి కీబోర్డు మీదికి వంగాడు, చట్టం చట్టమే కదా.

అక్క అతని చెయ్యి పక్కకి నెట్టేసింది. కుర్చీ ముందుకి లాక్కుని, తనే కాల్‌సైన్ కొట్టి, దాని పక్కన టకటకా టైపు చేసింది.

"ఒక్కొక్కరూ! ఇదేమన్నా సంతా?"

స్పీకరు టక్కున నోరు మూసుకుంది. అక్క కళ్ళు తుడుచుకుని, మళ్ళీ మొదట్నుంచీ హాజరు తీసింది.