నీళ్ళొదిలిన కళ్ళం

మా వార్డు కౌన్సిలర్ వరప్రసాదరావు మీద నాకు కోపముంది. ఆ కోపం దాచుకుని రాయడం నాకు చేతకాదు. ఆరో తరగతిలో బడి మానేసినవాణ్ణి, మాట అటూ ఇటూ అయితే చదివేవారు సర్దుకోవాలి. సంగతి మాత్రం అటూ ఇటూ కాదు.

జగ్గయ్యపేటలో చిల్లకల్లు వైపు వెళ్ళే రోడ్డుకి పక్కన మెట్ట మీద ఉంది మా వార్డు. రెండువేల సంవత్సరంలో వరప్రసాదరావు గెలిచాడు. గెలిచాక ఒక మంచి అలవాటు చేశాడు. రెండు మూడు నెలలకోసారి ఆదివారం పొద్దున బడి వరండాలో మైకు పెట్టించి, వార్డులో ఏం పనులయ్యాయో, ఏం కావాల్సి ఉన్నాయో జనానికి చెప్పేవాడు. టెంటు హౌసు కుర్చీలు, అందరికీ టీ. పక్క వార్డులవాళ్ళు మమ్మల్ని చూసి కుళ్ళుకునేవారు. మేమూ కాస్త మురిసిపోయేవాళ్ళం.

"నాలుగు వీధుల్లో ట్యూబులైట్లు మార్పించా. మురుక్కాలవ పూడిక తీయించా. పందుల సంగతి కమిషనర్ గారితో మాట్లాడా" అని ఒక్కొక్కటే చెప్పేవాడు. చెప్పినదానికల్లా చప్పట్లు.

అలాంటి ఒక ఆదివారం ముందు వరసలో కూర్చున్న దుర్గాంబ లేచింది. భర్త లేడు, కొడుకు సున్నపురాయి లారీ మీద క్లీనరు. నోరున్న మనిషి.

"ట్యూబులైట్ వెలుగులో ఖాళీ బిందె భలే కనపడుద్దిలే అబ్బాయ్! నీళ్ళ సంగతి చెప్పు ముందు."

జనం గొల్లున నవ్వారు. వరప్రసాదరావూ నవ్వాడు. దుర్గాంబ మాత్రం నవ్వలేదు. మునిసిపాలిటీ కుళాయి మా మెట్ట ఎక్కదు. ఆడవాళ్ళు రోడ్డు దాటి అవతలి బోరుకి వెళ్ళాలి. కిందటి వారమే ఆమె కోడలు లారీకి తప్పుకోబోయి బిందెతో సహా పడి చెయ్యి విరగ్గొట్టుకుంది.

"అక్కడికే వస్తున్నా దుర్గాంబత్తా" అన్నాడు వరప్రసాదరావు గొంతు తగ్గించి. "మన వార్డుకి వాటర్ ట్యాంకు శాంక్షనయింది. డబ్బుంది, పైపులున్నాయి. స్థలమే లేదు. ఈ నెలలో ఎత్తు మీద స్థలం చూపించకపోతే ట్యాంకు వేరే వార్డుకి పోద్ది. ఇంక మీ ఇష్టం."

మెట్ట మీద ఖాళీగా ఉన్న ఎత్తు జాగా ఒకటే. అది మా మిర్చి కళ్ళం. నా పేరు దశరథరామయ్య. కళ్ళం నా భార్య సీతారావమ్మకి పుట్టింటివారు పసుపు కుంకుమల కింద ఇచ్చింది.

ఒక్కరూ నన్ను అడగలేదు. అందరూ నా వైపు చూశారు, అంతే.

ఇంటికొచ్చి చెబితే సీతారావమ్మ చేతిలో చేట కింద పెట్టింది.

"కళ్ళం ఇచ్చేస్తే కాయ ఎక్కడ ఆరబోస్తావ్? నా నెత్తిన్నా?"

"రోడ్డు పక్కన ఆరబోస్తాలే. దుర్గాంబ పిన్ని కోడల్ని చూశావుగా."

ఆమె చేట మళ్ళీ అందుకుని రెండుసార్లు చెరిగింది. తరవాత, "ఇస్తే ఇయ్యి. కానీ అది మా అమ్మ ఇచ్చింది. నీళ్ళు నా చేత్తో నేనే పోస్తా" అంది.

ఇక్కడ మా ప్రాంతం సంగతి ఒకటి చెప్పాలి. ఆ కళ్ళం గ్రామకంఠంలోది, అంటే ఊరివాళ్ళ ఇళ్ళకీ దొడ్లకీ వదిలిన జాగాలోది. గ్రామకంఠం జాగాకి పట్టాలుండవు. ఎవరు అనుభవిస్తున్నారో వాళ్ళదే, అది నలుగురి నోట ఉన్న హక్కు. ఇక మా పెద్దల మాట ఏమంటే, అమ్మినదానికి కాగితం, ఇచ్చినదానికి నీళ్ళు. దానమిచ్చేటప్పుడు నలుగురిలో నీళ్ళు ధారపోస్తే చాలు. దాని మీద కాగితం అడగడం పుచ్చుకున్నవాణ్ణీ చూస్తున్నవాళ్ళనీ అవమానించడమే.

తరవాతి ఆదివారం మా కళ్ళంలోనే మీటింగు పెట్టారు. సీతారావమ్మ పట్టుచీర కట్టుకుని చెంబుతో నీళ్ళు పోసింది. అవి నా దోసిట్లోంచి వరప్రసాదరావు దోసిట్లోకి జారాయి. "మా వార్డు నీళ్ళ ట్యాంకుకి ఈ జాగా" అని నేను పైకి అన్నాను. జనమంతా విన్నారు. దుర్గాంబ వచ్చి సీతారావమ్మ రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది.

"నీ కడుపు చల్లగుండ సీతమ్మా! నా కోడలి విరిగిన చెయ్యి నువ్వు అతికించావ్."

వెనకనించి ఎవరో, "కాయితమేమన్నా రాసుకుంటారా మరి?" అన్నారు.

"ఇంతమంది సాక్షులుండగా కాయితమేంట్రా? మా అన్నాయి ఇచ్చాడు, మా వదిన నీళ్ళొదిలింది. దేవుడి ముందు చేసినట్టే" అన్నాడు వరప్రసాదరావు మైకులో. అడిగినవాణ్ణి చూసి అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ మర్నాడే కళ్ళం చుట్టూ ఉన్న ముళ్ళకంప నా చేతులతో నేనే పీకేశాను.

ఆ ఏడు కాయ బాగా కాసింది. ఆరబెట్టడానికి చోటు లేక నందిగామ దగ్గర మా మేనత్త కొడుకు కళ్ళానికి తోలాను. దూరం చేను, దూరం కళ్ళం. రాత్రి వాన పడితే పరిగెత్తి టార్పాలిన్ పట్టాలు కప్పేవాడు లేడు. కాయ తడిసి తెల్లబోయి సగం తాలయింది. అయినా మనసులో బాధ లేదు. ట్యాంకు లేస్తుందిగా అనుకున్నాను.

వేసవి దాటాక కళ్ళంలో గుంటలు తవ్వడం మొదలైంది. సంబరంగా చూడబోయాను. ఇశ్రాయేలు అనే తాపీమేస్త్రి ముగ్గు పోసి కొలతలు చూస్తున్నాడు.

"ఏం ఇశ్రాయేలూ, ట్యాంకుకి ఇన్ని పిల్లర్లెందుకయ్యా?"

అతను తలెత్తి నా మొహంలోకి చూశాడు. ఎగతాళి చేస్తున్నాననుకున్నాడు.

"ట్యాంకేంటి బాబాయ్! కాంప్లెక్సు కదా. కింద షాపులు, పైన ఫంక్షన్ హాలు. వరప్రసాదరావు గారి బామ్మర్దిది. నీకు తెలీదా?"

నేను నేరుగా వరప్రసాదరావు ఇంటికి వెళ్ళాను. అరుగు మీద పేపరు చదువుకుంటున్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. మర్యాదకేం లోటు చెయ్యడు.

"రా అన్నాయ్, కూర్చో. ట్యాంకు శాంక్షను రద్దయిపోయింది. నేనెంత తిరిగానో ఆ దేవుడికే తెలుసు. జాగా ఖాళీగా ఉంటే ఎవడో పాక వేస్తాడని మా బామ్మర్దిని కూర్చోబెట్టా."

"ట్యాంకు రాకపోతే నా జాగా నాకియ్యి."

"అదేంటన్నాయ్, నీళ్ళొదిలినదాన్ని తిరిగి అడుగుతావా? వదినకి పాపం కాదూ?"

మేము నమ్మిన ఆచారాన్నే తెచ్చి మా గొంతుకి బిగించాడు. నేను కూర్చోకుండానే, "నేనిచ్చింది వార్డుకి. మీ బామ్మర్దికి కాదు" అన్నాను.

"నువ్విచ్చినట్టు దాఖలా ఏముంది?" అన్నాడు. గొంతు మాత్రం మెత్తగానే ఉంది. "గ్రామకంఠం కదా. ఇప్పుడు జాగా పన్ను వాడి పేరునే కడుతున్నాం."

"ఊరంతా చూసింది."

"అయితే ఊరినే అడుగు."

నేను ఆ మాట పట్టుకున్నాను. మునిసిపల్ ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి, ఒక అధికారిని మీటింగుకి రప్పించాను. ఆ ఆదివారం వరండా నిండిపోయింది. మీటింగు ఎప్పటిలాగే మొదలైంది. వరప్రసాదరావు పనులన్నీ చెప్పాడు. చివర్లో, "మన మెట్ట మీద ఎన్నాళ్ళనించో పోరంబోకుగా పడి ఉన్న ఖాళీ జాగాలో ఫంక్షన్ హాలు వస్తోంది. వార్డువాళ్ళకి సగం అద్దె" అన్నాడు.

చప్పట్లు కొట్టారు. ఆ శబ్దం ఇప్పటికీ నా చెవుల్లోంచి పోలేదు. నా కళ్ళం పోరంబోకు అంటే, అందులో నా భార్య పోసిన నీళ్ళు చూసిన జనమే చప్పట్లు కొట్టారు.

అధికారి లేచాడు. మంచివాడే. "ఈయన ఫిర్యాదు ఇచ్చారు. ఆ జాగా తనదేననీ, నీళ్ళ ట్యాంకు కోసం మీ అందరి ముందూ ఇచ్చాననీ అంటున్నారు. చూసినవాళ్ళు ఒక్కరు చెప్పినా నేను రాసుకుంటాను. పని ఆపిస్తాను. ఎవరైనా చూశారా?"

ఎవరూ లేవలేదు.

నేను ఒక్కొక్కళ్ళ వైపూ తిరిగాను. ఒకడు చెప్పు పట్టీ సరిచేసుకుంటున్నాడు, కాంప్లెక్సులో వాడికి టైలరు షాపు ఇస్తామన్నారు. ఇంకొకడు పిల్లాడి ముక్కు తుడుస్తున్నాడు, వాడి ఇంటి ప్లాను ఆఫీసులో ఆగి ఉంది. ఆఖరికి దుర్గాంబ దగ్గర ఆగాను.

"పిన్నీ, నువ్వు చెప్పు. సీతమ్మ చేతులు కళ్ళకద్దుకున్నావుగా."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నాకేం గుర్తుంటాయి అబ్బాయ్, ముసల్దాన్ని" అంది. అంత నోరున్న మనిషి ఆ ఒక్క మాట వినపడీ వినపడకుండా అంది.

అప్పుడు చూడామణి టీచరు గారు లేచారు. ఆమె బదిలీ మీద వచ్చి మా వీధిలో అద్దెకు దిగారు. మేము నీళ్ళొదిలిన రోజుకి ఆమె ఇంకా మా ఊరు రాలేదు.

"నేను చూడలేదండీ, కాబట్టి సాక్ష్యం చెప్పలేను. చూడంది చూశానంటే అదీ అబద్ధమే" అన్నారు. "కానీ ఒక్క మాట. ఇన్నాళ్ళనించీ ఈయన ఏం చేశానో చెబుతుంటే మీరు వింటున్నారు. ఏం చేయలేదో ఒక్కరూ అడగరు. దీపం వెలిగిందంటే చప్పట్లు, కాలవ తీశారంటే చప్పట్లు. మీ పన్నులతో చేసిన పనికి మీరే ఆయనకి మొక్కుతున్నారు. అందుకే ఈ రోజు నిజం చెప్పాల్సి వచ్చేసరికి మీకు నోరు రావడం లేదు. దశరథరామయ్య గారిని ముంచింది కౌన్సిలర్ ఒక్కరే కాదు. నాయకుడు ఒక్కడే ఎవరి జాగానూ తినలేడండీ, పక్కవాళ్ళు మాట్లాడకుండా కూర్చుంటే తప్ప."

"టీచరు గారు పిల్లలకి పాఠం బాగా చెబుతారు" అన్నాడు వరప్రసాదరావు మైకులో. కొందరు నవ్వారు. అధికారి నా వైపు జాలిగా చూసి, "ఎవరూ చెప్పకపోతే నేనేం రాసుకోనండీ" అని జీపెక్కాడు.

రెండు రోజులకి దుర్గాంబ మా ఇంటికొచ్చింది. గుమ్మం దాటలేదు.

"ఏం చెయ్యను సీతమ్మా? పింఛను పేరు రాసేది ఆయనేగా. నన్ను తిట్టు, కొట్టు, ఊరికే ఉండకు."

అందరికీ సర్దిచెప్పే మనిషి సీతారావమ్మ. ఆ రోజు మాత్రం సర్దిచెప్పలేదు.

"నీ తప్పేం లేదులే పిన్నీ అని అనలేను. నీ తప్పే. వాడు నాకు పరాయోడు, నువ్వు కాదు. నీళ్ళు పోసింది నీ ఇంటి కోసం."

దుర్గాంబ గుమ్మం బయట పెట్టిన బిందె చంకనెత్తుకుని రోడ్డు వైపు వెళ్ళింది. బోరు ఇప్పటికీ రోడ్డుకి అవతలే ఉంది.

చదివే అయ్యలారా, అమ్మలారా! మీ వార్డులోనూ ఒకాయన మైకు పట్టుకుని పనుల చిట్టా చెబుతూ ఉంటాడు. వినండి, వినొద్దనను. కానీ చప్పట్లు కొట్టేముందు చేతులు కాస్త ఆపి, మీ పక్కింటివాడి మొహం చూడండి. వాడికి జరిగింది మీకు తెలిస్తే లేచి చెప్పండి. ఈ రోజు మీరు వాడికి సాక్షి కాకపోతే, రేపు మీకు సాక్షి ఎవడూ ఉండడు. మంచి పనికి ఇచ్చినా సరే, ఇచ్చినదానికి కాగితం అడగండి. అడగడం అవమానం కాదు.

నేను అడగలేదు. నాకు పోయింది ఏడున్నర సెంట్లు. ఆ కాగితంలో ఉండాల్సిన హద్దులివి: తూర్పున డొంక, పడమట బడి ప్రహరీ, ఉత్తరాన వాగు, దక్షిణాన దుర్గాంబ ఇంటి గోడ.