సాయవ్వ చెప్పని నలుగురు

బస్సులు బందై ఇరవై మూడు రోజులు. తెలంగాణ ఇచ్చేదాకా చక్రం కదలనియ్యమని డ్రైవర్లు భీష్మించుకు కూర్చున్నారు. సరిగ్గా అప్పుడే సాయవ్వకు మిరుదొడ్డి పోవాలని తొందర పుట్టింది. పది నెలల కిందట తానే పుట్టింటికి తరిమేసిన కోడలు ఉషను వెనక్కి తెచ్చుకోవాలి. చేతిసంచిలో దవాఖాన రిపోర్టు ఉంది.

సిద్దిపేటలో మగ్గాలకు నూలు కండెలు చుట్టే మనిషి సాయవ్వ. చేతికెంత ఒడుపో నోటికంత దురుసు. ఉషకు మూడుసార్లు కడుపు పోయింది. మూడోసారి దవాఖాన నుంచి వచ్చిన వారానికే, "నీ కడుపుల బిడ్డ నిలువది. మా వంశం నీతోనే ఆగిపోవాల్నా?" అని బట్టలు మూటగట్టి చేతికిచ్చింది. కొడుకు మధుసూదన్ తల దించుకుని నిలబడ్డాడు, ఘనకార్యమే! ఆనక సిగ్గుపడి, తల్లికి చెప్పకుండా హైదరాబాదు వెళ్లి పరీక్షకు రక్తం ఇచ్చొచ్చాడు. తరువాత తల్లినీ తీసుకెళ్లి ఇప్పించాడు.

ఉషకు రెండోసారి పోయినప్పుడు చూసింది కూడా అక్కడి డాక్టరమ్మే, ఓపికగలది. సాయవ్వ చేసే పని అడిగి తెలుసుకుని, ఆ మాటల్లోనే చెప్పింది.

"అవ్వా, మన ఒంట్ల కంటికి కనబడనంత చిన్న కణంల రెండు మీటర్ల పోగు ఇమిడి ఉంటది. మడతల మడత. ఆ మడత లోపల చూస్తే మళ్ల గదే తీరు మడత. అయినా ముడి పడది. ఏడ కావాల్నంటే ఆడ విప్పుకోవచ్చు."

సాయవ్వ నోరు తెరిచింది. నలభై ఏళ్లుగా చుడుతున్నా ఆమె చేతిలో రోజూ ఏదో ఒక పోగు చిక్కుపడుతూనే ఉంది.

"గట్ల నలభై ఆరు కండెలు. నీ కొడుకుకు ఒక కండె కొస తెగి ఇంకోదానికి అతికింది, దాని కొస దీనికొచ్చింది. పోగు తగ్గలే, పెరగలే, అందుకే మంచిగున్నడు. బిడ్డకు పోయేది సగమే గదా, ఆ పంపకంల ఎక్కువతక్కువలైతయి. అప్పుడు కడుపు నిలువది. నీకూ గట్లనే ఉంది, నీ నుంచే వచ్చింది. ఎవ్వరి తప్పూ కాదు." డాక్టరమ్మ ఉష పాత చీటీ తీసింది. "రెండోసారి పోయినప్పుడే అడిగిన గదా, మీ ఇంట్ల ఎవరికన్న కాన్పులు పోయినయా అని?"

అడిగింది. ఉష పక్కనుండగానే అడిగింది. "మా ఇంట్ల గసొంటియి లేవు. నా కొడుక్కు పరీక్షలెందుకు?" అంది సాయవ్వ. మధుసూదన్ కంటే ముందు ఆమెకు నలుగురు కడుపులోనే పోయారు. గొడ్రాలని అత్త తిట్టిన తిట్లు మళ్లీ ఎవరి నోటా వినలేక దాచింది. నిజం చెబితే మూడోది నిలిచేదని డాక్టరమ్మ అనలేదు. ఉష మీద నింద మాత్రం పడేది కాదు.

మిరుదొడ్డికి ఎక్కిన ఆటో సగం దూరంలో ఆగిపోయింది. రోడ్డు మీద పొయ్యిలు పెట్టి ఆడవాళ్లు వంటావార్పు చేస్తున్నారు. "జై తెలంగాణ అను అవ్వా, తిని పో" అని విస్తరి చేతిలో పెట్టారు. అననైతే అంది గానీ తినకుండానే లేచింది. మిగతా దారంతా నడిచింది.

ఉష అరుగు మీద బీడీలు చుడుతోంది. సాయవ్వ నిలుచున్నపళంగా ఏదీ దాచకుండా చెప్పేసింది. "నీ తప్పేం లేదు బిడ్డా, అంతా మా దిక్కుదే. ఇంటికి పోదాం రా. మధుసూదన్ పుట్టలేదా, నీకూ పుడ్తరు."

ఉష రిపోర్టు తిరగేసి చూసింది. "నీకు నలుగురు పోయిన్రా అత్తమ్మా?"

"నలుగురు."

"నేను ఏడుస్తుంటే పక్కింటోళ్లకు ఇనబడ్తదని కొంగు నోట్లె కుక్కుకోమన్నవ్." ఆమె గొంతు పెరగలేదు. "గా బాధ నీకు ఎరికే. నా చెయ్యి పట్టుకుని 'నాకూ పోయిన్రు బిడ్డా' అంటే సాలు, పిల్లలు లేకున్నా ఆ ఇంట్లనే బతికేదాన్ని."

"నడుచుకుంట వచ్చిన బిడ్డా" అంది సాయవ్వ. తరువాత అరుగు మీద కూలబడి, ఆ నలుగురి కోసం మొదటిసారి నోరు విప్పి ఏడ్చింది.

ఉష జరిగి వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. ఏడ్చినంతసేపూ వదల్లేదు. ఆ తరువాత సంచి అందించి, సాయవ్వను ఒక్కదాన్నే వెనక్కి పంపింది.