తలుపు మూసి నొక్కాలి

తలుపు పడిన చప్పుడు చాలా చిన్నది. ఎవరో పెదవులు బిగించినట్టు, రబ్బరు అంచు మెత్తగా చట్రానికి అతుక్కుంది. మెకానిక్ వెనక్కి తిరిగేసరికి ఫ్రీజర్ గదిలో చీకటి తప్ప ఏమీ లేదు. ఆ చీకట్లో పచ్చగా మెరిసే ఒక గుండీ మాత్రం ఉంది.

దాన్ని బిగించింది అతనే. అది ఎందుకు పనిచేయదో తెలిసినవాళ్లు ఇద్దరే ఇద్దరు. రెండోవాడు మేనేజరు.

అయినా నొక్కాడు. ప్రాణం మీదికొస్తే ఎవడైనా నొక్కుతాడు. గుండీ మెత్తగా లోపలికి వెళ్లి, మెత్తగా వెనక్కి వచ్చింది. తలుపు కదల్లేదు.

చేపల ఫ్యాక్టరీలో ఫ్రీజర్ తలుపుకు గడియ బయట ఉంటుంది, తలుపు మూసుకోగానే దానంతటదే పడుతుంది. లోపల మనిషి చిక్కుకుంటే పచ్చ గుండీ నొక్కాలి. దాని వెనక ఉన్న కడ్డీ తలుపు మందం దాటి వెళ్లి గడియను ఎత్తేస్తుంది. పోయిన ఏడాది పాత తలుపు పీకేసి, మందమైన కొత్త తలుపు పెట్టారు. దానికి తగిన కడ్డీ రావడం ఆలస్యమవుతుందంటే మెకానిక్ పాత కడ్డీనే బిగించేశాడు. అది బొటనవేలి మందం పొట్టి. తలుపు బార్లా తెరిచిపెట్టి గుండీ నొక్కి చూశాడు. చక్కగా ఆడింది. "పనిచేస్తోంది సార్" అన్నాడు. తలుపు మూసుకుని లోపల్నుంచి నొక్కి చూడాలని అతనికి తెలియక కాదు. అంత చలిలో తలుపు మూసుకుని నిలబడటం ఎవరికి సరదా?

తర్వాత అందులో అతని వదిన చిక్కుకుంది.

వదిన ప్యాకింగులో పనిచేసేది. ఈ ఫ్యాక్టరీలో మరిదికి ఉద్యోగం ఇప్పించింది కూడా ఆమే. ఒక సాయంత్రం షిఫ్టు అయిపోయాక, బల్ల మీద మరిచిపోయిన చేపల ట్రే ఒకటి కనబడితే పాడైపోతుందని లోపల పెట్టబోయింది. తలుపు పడింది. లారీ లోడు చేసేవాళ్లు వచ్చి తీసేదాకా లోపలే ఉంది. కుడిచేతి వేళ్లు రెండు ఆసుపత్రిలో వదిలేసి ఇంటికొచ్చింది.

మేనేజరు అందరి ముందూ విచారణ పెట్టాడు.

"పచ్చ గుండీ నొక్కావా?"

"నొక్కాను సార్. చెయ్యి మొద్దుబారేదాకా నొక్కాను."

"నొక్కితే తలుపు రావాలి కదమ్మా. షిఫ్టు అయ్యాక నీకు లోపలేం పని? నువ్వు నొక్కడానికెళ్లింది గుండీ కాదు, సరుకు."

జనం నవ్వారు. ఆ మాట ఫ్యాక్టరీలో అతుక్కుపోయింది. ఆ రోజు నుంచి ఆమె 'నొక్కులక్క'. గుండీ సంగతి మెకానిక్‌ని అడిగారు. అతను నేల చూస్తూ, "బాగానే ఉంది సార్" అన్నాడు.

అలా అనడానికి ముందే మేనేజరు అతన్ని గదిలోకి పిలిచి తలుపు దగ్గరికి వేశాడు. "తప్పు తలుపుదైతే నువ్వు జైలుకి, ఫ్యాక్టరీ మూతకి. తప్పు మనిషిదైతే అందరం బతికిపోతాం. మీ వదినే కదయ్యా, సర్దుకుంటుంది."

వదిన ఉద్యోగం పోయింది. ఆమె వదల్లేదు, పైవాళ్లకు ఫిర్యాదు పెట్టింది. రేపు పొద్దున ఇన్‌స్పెక్టరు వచ్చి తలుపు పరీక్ష చేస్తాడు. గుండీ నొక్కితే తలుపు తెరుచుకుందా, వదిన జీవితాంతం దొంగే. సరిగ్గా ఇప్పుడే కొత్త కడ్డీ చేతికొచ్చింది. సాయంత్రం అందరూ ప్రార్థనలో ఉండగా చడీచప్పుడు కాకుండా మార్చెయ్యమన్నాడు మేనేజరు. క్షణాల్లో పని. ఆ ధీమాతోనే మెకానిక్ కోటు కూడా వేసుకోలేదు. పనిముట్ల సంచిని తలుపుకు అడ్డంగా పెట్టి, మరలు మంచుకు బిగుసుకున్నాయేమో తడిమి చూద్దామని రెండడుగులు లోపలికి వేశాడు. తడి నేల మీద సంచి బయటికి జారింది.

కొత్త కడ్డీ ఆ సంచిలోనే ఉంది. స్క్రూడ్రైవరూ, టార్చీ, ఫోనూ అందులోనే ఉన్నాయి. లైటు మీట కూడా బయటే.

గాలి కోసం పైన ఉంచిన చిన్న కన్నంలోంచి మైకు వినబడుతోంది. శ్రమదినాల కూడిక. ఈస్టరు ముందు ఈ వారాల్లో ప్రతి శుక్రవారం సాయంత్రం ప్యాకింగు హాల్లో బల్లలు పక్కకు జరిపి జరుపుకుంటారు. మేనేజరు ముందు వరసలో కూర్చుంటాడు. ఈ దినాల్లో ఆయన మాంసం ముట్టడు, టీ కూడా మానేశాడు. అబద్ధం మానమని మాత్రం ఆయనకెవరూ చెప్పినట్టు లేదు.

అరవాలి. మెకానిక్ నోరు తెరిచి, మళ్లీ మూసుకున్నాడు.

అరిస్తే బయటపడతాడు. ఆ మాటకున్న రెండు అర్థాల్లోనూ బయటపడతాడు. ఈ వేళప్పుడు ఇక్కడేం పని అంటారు. సంచి చూస్తారు. కడ్డీ చూస్తారు. అరవకపోతే? వాచ్‌మన్ అటుగా రావచ్చు. వాడికేదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. కాసేపు ఓర్చుకుంటే చాలు.

ఓర్చుకున్నాడు. ముక్కులో తడి గట్టిపడింది. చెవులు మొదట మండి, తర్వాత లేనట్టయిపోయాయి. చేతులు చంకల్లో పెట్టుకుని గెంతాడు. గెంతుతుంటే నవ్వొచ్చింది. దొంగతనానికొచ్చి తనే లోపల ఇరుక్కున్న దొంగలా ఉంది తన పని. తర్వాత నవ్వడానికి దవడ కదల్లేదు. వాచ్‌మన్ రాలేదు. వాడూ ప్రార్థనకే వెళ్లినట్టున్నాడు.

అప్పుడు అరిచాడు. సిగ్గూ లెక్కా వదిలేసి, గొంతు చీలేలా అరిచాడు. సరిగ్గా అప్పుడే హాల్లో పాట ఎత్తుకున్నారు. డోలక్, కంజిర, చప్పట్లు. అతని అరుపు తలుపు మందంలోనే ఇంకిపోయింది. పిడికిళ్లతో బాదాడు. కాసేపటికి పిడికిళ్లు ఎవరివో అన్నట్టయ్యాయి. తలుపు అడుగున రేకు తాపడం ఉంది. దాన్ని బూటుతో తన్నాడు. కాలు ఆడినప్పుడు తన్నాడు, ఆడనప్పుడు ఆగాడు.

పాట ఆగింది. పాస్టరుగారి గొంతు మైకులో ముక్కలుముక్కలుగా వచ్చింది.

"...కుష్ఠరోగి దగ్గరికి ఎవరూ పోరు. ప్రభువు దూరం నుంచే ఒక మాట అంటే వాడు బాగుపడేవాడు. ఆయనకది చాలదా? చాలు. కానీ చెయ్యి చాపి ముట్టుకున్నాడు. ముందు ముట్టుకున్నాడు, తర్వాతే బాగుచేశాడు. ఎందుకని? వాణ్ని ముట్టుకున్నవాళ్లు లేక ఎన్నేళ్లయిందో ఆయనకు తెలుసు గనక..."

మెకానిక్ తన్నాడు.

"...మారుమనస్సు అంటే ఏడవడం కాదమ్మా. ఏడుపు ఎవరికైనా వస్తుంది. వచ్చిన దారినే వెనక్కి నడవాలి. తప్పు చేసిన చోటుకే వెళ్లి నిలబడాలి..."

మెకానిక్ తలుపుకు చేరగిలి కిందికి జారాడు. పచ్చ గుండీ ఇప్పుడు తల మీద ఉంది. వదిన కూడా ఇక్కడే ఇలాగే కూర్చుని ఉంటుంది. ఆమె ఎన్నిసార్లు నొక్కి ఉంటుంది? ప్రతిసారీ అది మెత్తగా లోపలికి వెళ్లి, తెరుచుకుంటున్నట్టే ఆశపెట్టి వెనక్కి వచ్చి ఉంటుంది. అసలు ఆడకుండా బిగుసుకుపోయి ఉంటే ఆమె ఆశ వదులుకునేదేమో, చేతులు దాచుకునేదేమో. ఆ ఆశే వేళ్లు తినేసింది. ఆ ఆశను బిగించింది తను.

బూటు ఇంకొక్కసారి రేకును తాకింది. అది తన్నడం కూడా కాదు.

గడియ లేచింది.

వెలుతురు కళ్లలో గుచ్చుకుంది. ఎవరో అతని చొక్కా పట్టి బయటికి లాగుతున్నారు. లాగే చేతుల్లో ఒకదానికి కట్టు ఉంది.

"కాళ్లు కదిపెయ్. కదుపు. చేతులు రుద్దకు, తోలు ఊడొస్తుంది. చంకల్లో పెట్టుకో."

వదిన. ఉద్యోగం పోయినా శుక్రవారం కూడికకు రావడం మానలేదు ఆమె. ఒంటి మీది శాలువా తీసి అతనికి చుట్టింది. అతని ముఖాన్ని రెండు అరచేతుల మధ్య పెట్టుకుని, రెండు వేళ్లు పోయిన చెయ్యి చెవి మీద ఆనించి అలాగే ఉంచింది. ఆ చెయ్యి నిప్పులా అనిపించింది అతనికి.

"ఎలా... తెలిసింది?" పళ్లు కొట్టుకుంటుంటే మాట రావడం కష్టమైంది.

"అందరూ కంజిర అనుకున్నారు. పాట ఆగాక కూడా కంజిరేంటి? చేతులు చచ్చాక కాలితో తంతాం మరిదీ. ఆ చప్పుడు నాకు నిద్రలో కూడా వినబడుతుంది."

"నేనని తెలిసే తీశావా?"

"తెలియదు. తెలిస్తే కొంచెం నెమ్మదిగా నడిచేదాన్నేమో." శాలువా అంచు అతని మెడ చుట్టూ దోపింది. "లేదులే. తెలిసినా తీసేదాన్నే. తిట్టుకుంటూ తీసేదాన్ని."

ఆమె చూపు సంచి మీద పడింది. దాని నోట్లోంచి కొత్త కడ్డీ బయటికి పొడుచుకొచ్చి ఉంది. ఆమె దాన్ని చూసింది. తలుపుకున్న గుండీని చూసింది. మళ్లీ కడ్డీని చూసింది.

"ఇది పొడుగ్గా ఉందే" అంది నెమ్మదిగా.

మెకానిక్ తల దించుకున్నాడు. ఇప్పుడు తిడుతుంది. చెంప మీద ఒకటి వేస్తుంది. వెయ్యాలి. వేస్తే కాస్త తేలికవుతుంది. ఆమె జారిన శాలువాను అతని భుజం మీదికి లాగింది. అంతకంటే గడియ వేసి లోపలే వదిలేసినా బాగుండేదనిపించింది అతనికి.

అడుగుల చప్పుడు. హాల్లోంచి జనం వస్తున్నారు. ముందు మేనేజరు, వెనక పాస్టరుగారు, వాచ్‌మన్, ప్యాకింగు ఆడవాళ్లు.

"ఏమయ్యా, నీకేమైంది?" మేనేజరు కళ్లు సంచి మీద వాలాయి. వంగి దాన్ని తీసుకుని చంకలో పెట్టుకున్నాడు. "మెకానిక్కే ఇరుక్కుంటే ఎలాగయ్యా? కంగారులో గుండీ నొక్కడం మరిచిపోయినట్టున్నాడు. నొక్కులక్క మరిదే కదా, వదిన పోలికే వచ్చింది."

ఒకరిద్దరు నవ్వారు. మేనేజరు మెకానిక్ చెవి దగ్గరికి వంగాడు. "నోరు విప్పకుండా మంచి పని చేశావు. ఇంటికెళ్లి పడుకో. తెల్లారేలోపు వేరేవాడితో మార్పిస్తా. రేపు నువ్వేం వాగినా నమ్మేవాడుండడు."

అంతే మరి. గదిలోంచి బయటికొచ్చాడు గానీ ఇంకా లోపలే ఉన్నాడు. కడ్డీ మారిందంటే ఈ అబద్ధం తలుపు ఇక ఎప్పటికీ తెరుచుకోదు. ఇప్పుడు నోరు విప్పితే జైలు. విప్పకపోతే ఆ కట్టు చెయ్యి రోజూ కళ్లముందు తిరుగుతుంది. మాట ఒక్కటీ చాలదు. మాటను మేనేజరు నవ్వులో కలిపేస్తాడు.

"పాస్టరుగారూ" అన్నాడు మెకానిక్. గొంతు బొంగురుపోయింది. "అందరూ కాసేపు ఇక్కడే ఉండండి. నేను మళ్లీ లోపలికెళ్తా. తలుపు మూసి, బయట గడియ వైపు చూడండి. లోపల్నుంచి గుండీ నొక్కుతాను."

"వీడికి చలికి మతిపోయింది" అన్నాడు మేనేజరు. "ఎవరైనా ఇంటికి తీసుకెళ్లండి."

"మతి ఉంది సార్. ఈ తలుపును నేను తెరిచిపెట్టి పరీక్ష చేశాను. మూసి చెయ్యలేదు. ఆ కడ్డీ పొట్టిది. సరైనది మీ చంకలో ఉన్న సంచిలో ఉంది. వదిన నొక్కిందని నాకు తెలుసు. తెలిసే అబద్ధం చెప్పాను."

ఎవరూ నవ్వలేదు. మేనేజరు సంచి ఇంకొంచెం బిగించి పట్టుకున్నాడు. వాచ్‌మన్ తన ఉద్యోగం గుర్తొచ్చినట్టు ఒకసారి ఆయన వైపు చూశాడు. తర్వాత మెల్లగా జరిగి ఆయన దారికి అడ్డంగా నిలబడ్డాడు.

వదిన మెకానిక్ చెయ్యి పట్టుకుంది. "వద్దు మరిదీ. చెప్పావు కదా, చాలు. మళ్లీ ఆ చలిలోకి వెళ్లకు."

"చెప్పడం చాలదు వదినా. చూడాలి వీళ్లు."

అతని కాళ్లు ముందుకు కదల్లేదు. ఆ చీకటి భయం ఒళ్లంతా పాకుతోంది. గడపకు ఇటు పక్కనే నిలబడిపోయాడు. వదిన కాసేపు అతని ముఖం చూసింది. తర్వాత గోడకు వేలాడుతున్న దళసరి కోటు తీసి అతనికి తొడిగి, ఎడమచేత్తో బొత్తాలు పెట్టింది.

"గడియ నేనే వేస్తా. నేనే తీస్తా. ఇంకెవర్నీ ముట్టుకోనివ్వను" అంది.

తలుపు పడింది. మళ్లీ అదే చిన్న చప్పుడు. మళ్లీ చీకటి, పచ్చ గుండీ. మెకానిక్ గుండీ మీద అరచెయ్యి పెట్టి నొక్కాడు. మెత్తగా లోపలికి వెళ్లింది. మెత్తగా వెనక్కి వచ్చింది. తలుపు కదల్లేదు. ఇంకోసారి నొక్కాడు. బయట అందరూ గడియనే చూస్తున్నారు. అది కదలడం లేదని అతనికి తెలుసు.

పై కన్నంలోంచి వదిన గొంతు దిగింది.

"నొక్కావా మరిదీ?"

ఆ ప్రశ్న విచారణలో అందరి ముందూ ఆమెను అడిగిందే. అప్పుడది ఇలా వినబడలేదు.

"నొక్కాను వదినా" అన్నాడు తలుపుకు నుదురు ఆనించి. "నువ్వూ నొక్కావు."

గడియ లేచింది.