అరుగు మీద కబురు

వరహాలు చచ్చిపోయాడన్న కబురు నూకరత్నం ఇంటి అరుగు మీద కూర్చుని ఉంది. తెల్ల చొక్కా, నలిగిన పంచె, కాళ్ళకి చెప్పుల్లేవు. ఎండ పడితే కాస్త పక్కకి జరుగుతుంది. నీడ రాగానే మళ్ళీ మొదటి చోటికే వస్తుంది.

అది అబద్ధపు కబురని వీధిలో అందరికీ తెలుసు. సామర్లకోటలో అక్కగారింటికి వెళ్ళిన వరహాలుని, పెరట్లో మొహం కడుక్కుంటుండగా కాకి తల మీద తన్నింది. ఆ దోషం పోవాలంటే, మనిషి పోయాడని అయినవాళ్ళకి కబురు పంపాలి. వాళ్ళు నిజమనుకుని ఒక్కసారి ఏడవాలి. వెంటనే ‘అబ్బే, నిక్షేపంలా ఉన్నాడు’ అని రెండో కబురు వెళ్తుంది.

అయినవాళ్ళందరూ ఏడ్చారు. నూకరత్నం మాత్రం కుట్టుమిషను మీంచి తలెత్తకుండా “ఉత్తిదే” అంది.

ఆమె ఆ మాట అన్నప్పుడల్లా వీధి ఒక ఇల్లు పెరుగుతోంది. కొత్తగా వచ్చిన ఇంటి గుమ్మంలో అప్పటికే ముగ్గు ఉంటుంది. వీధి ఆ చివర వరహాలు భుజాన సంచితో ఇంటికి నడిచి వస్తూనే ఉన్నాడు. మొదట మనిషంత కనిపించేవాడు. ఇప్పుడు బొటనవేలంత ఉన్నాడు. రత్నం ఎదురు వెళ్తుంది. ఎంతసేపు నడిచినా తన గుమ్మం ముందే ఉంటుంది.

ఆ సామర్లకోట ఆడపడుచు ఆదెమ్మ దొడ్డిదారిన వస్తుంది. వీధి దారి చాలా దూరమట.

“ఏమే రత్నం, ఏడవడానికి కూడా బద్ధకమేనా నీకు? మా ఆయనంతటివాడు తువ్వాలు తడిపేశాడు. నువ్వొక్కదానివే మిగిలావు.”

“ఉత్తిదని తెలిసీ ఎలా ఏడవను వదినా?”

“నాకు తెలీదనుకున్నావా? కబురు రాసింది నేనే. రాస్తూ రాస్తూ నేనే నమ్మేసి ఏడ్చాను. నీకేం పోయిందే? అక్కడ వాడి కాళ్ళు అరిగిపోతున్నాయి.”

“నేను నమ్మితే, ఆ కాసేపూ ఆయన నిజంగా ఉండడు కదా.”

ఆదెమ్మ ఆలోచిస్తుంది. “ఉండడు,” అని ఒప్పుకుని, దొడ్డిదారినే వెళ్ళిపోతుంది.

చిన్నప్పుడు రత్నం ఒక మాట నమ్మింది. మీ నాన్న రేపొస్తాడన్నారు. రెండు జడలకీ రిబ్బన్లు కట్టుకుని గుమ్మంలో కూర్చుంది. రిబ్బన్లు వెలిసిపోయాయి. అప్పట్నుంచీ ఏ మాట తలుపు తట్టినా ముందు ‘ఉత్తిదే’ అని గడియ పెట్టి, తర్వాత కిటికీలోంచి చూడడం అలవాటైంది. పెళ్ళయిన కొత్తలో వరహాలు “నువ్వంటే నాకు ప్రాణమే” అన్నాడు. “ఉత్తిదే” అంది. అతను నవ్వి మళ్ళీ చెప్పాడు. ఆమె నోట ఆ మాటకి ‘ఇంకోసారి చెప్పు’ అని అర్థమని కనిపెట్టినవాడు అతనొక్కడే.

మధ్యాహ్నం కబురు లోపలికి తొంగి చూస్తుంది.

“ఆకలేస్తోందమ్మా.”

“కబుర్లకి ఆకలేంటి?”

“నమ్మితే వెయ్యదండి. ఎవరైనా నమ్మకపోతేనే.”

రత్నం వరహాలు కంచంలో అన్నం, చుక్కకూర పప్పు వడ్డిస్తుంది. కబురు బుద్ధిగా కలుపుకుని తింటుంది. మొదటి ముద్ద దిగుతుంది. రెండో ముద్ద దిగుతుంది. రత్నం గరిటె పట్టుకుని ఎదురుచూస్తోంది. ఎందుకో ఆమెకే తెలీదు.

తర్వాత తెలుస్తుంది. వరహాలు మొదటి ముద్దకే “ఉప్పు చాల్లేదే” అంటాడు. ఎంత వేసినా అంటాడు. ఇప్పుడు ఆ కంచం ముందు ఆ మాట లేదు. ఇంక ఎప్పటికీ ఉండదు.

ఆమె నమ్ముతుంది.

ఒక్క చుక్క కంచంలో పడుతుంది. కబురు అది కలుపుకుని రుచి చూస్తుంది.

“ఇప్పుడు సరిపోయిందండి,” అని లేచి, చెయ్యి కడుక్కుని వెళ్ళిపోతుంది.

టేపు చుట్టినట్టు వీధి ఒక్కో ఇల్లే మడతపడి దగ్గరికొస్తుంది. చివరి మడతలోంచి వరహాలు గుమ్మం ముందుకి దిగుతాడు. దూరం పోయింది గానీ, దూరం తెచ్చిన పొట్టితనం పోలేదు. బొటనవేలంతే ఉన్నాడు. రత్నం అతన్ని అరచేతిలోకి తీసుకుంటుంది. సంచి అంచు వేలికి గరగరలాడుతుంది.

“వచ్చేశానే రత్నం.”

“ఉత్తిదే.”

“వచ్చేశానంటే!” జానెడవుతాడు.

“ఉత్తిదే.”

“నీమీదొట్టు.” నడుమెత్తు అవుతాడు.

ఇంకొకసారికి మనిషంత అవుతాడు. మిషను మీద సగంలో ఉన్న చొక్కా తెచ్చి భుజాలకి ఆనిస్తుంది. సరిగ్గా సరిపోతుంది. ఇక్కడ ఆపాలని ఆమెకి తెలుసు. వరహాలు ఆమె మొహంలోకి చూసి, “చాలా?” అంటాడు.

ఆమె చాలనదు.

“ఉత్తిదే.”

అతను మళ్ళీ చెప్తాడు. తల దూలానికి తగులుతుంది. మళ్ళీ చెప్తాడు. పెంకులు పక్కకి తప్పుకుని దారిస్తాయి. చొక్కా చాలదు. ఇంట్లో గుడ్డంతా అయిపోతుంది. రత్నం మడతపెట్టిన వీధిని తీసి చొక్కా అంచుకి కలిపి కుడుతుంది. ముగ్గుల గుమ్మాలన్నీ అతని చుట్టూ మెల్లగా ఊగుతాయి. పైనుంచి అతని గొంతు సన్నటి ఉప్పు జల్లుగా పడుతోంది. మాటలు తెలియడం లేదు.

చాలా ఎత్తున ఒక కాకి, కాళ్ళు ముందుకి చాచి, అతని తల మీద వాలడానికి చోటు చూసుకుంటోంది.

“ఉత్తిదే,” అంటుంది రత్నం, దారం కొరుకుతూ.