మూడు బోణీల చేప

హనుమాండ్లు చేతికి మొదట వచ్చినవి ఇవి: గాజు తొట్టి ఒకటి, అందులో నీలం రంగు ఫైటర్ చేప ఒకటి, ఆవగింజల కంటే చిన్న మేత గోలీల డబ్బా ఒకటి, ఎండబెట్టిన ఎర్రపురుగుల పొట్లం ఒకటి, ఒక చీటీ. పద్దెనిమిది రోజుల తర్వాత చేపను ఇలాగే తిరిగి అప్పజెప్పాలి.

ఇచ్చి వెళ్లింది సంగీత. అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సు నేర్చుకుంటూ ఎస్.ఆర్. నగర్ హాస్టల్లో ఉంటున్న పిల్ల. హాస్టల్ సామాన్లు అమ్మే హనుమాండ్లు దుకాణంలోనే పరుపు కొన్నది, తాళం కొన్నది, బకెట్ పగిలితే పోట్లాడి మార్చుకున్నది. అక్క కాన్పుకు ఊరికి పోతూ, "కాకా, హాస్టల్ల ఎవ్వరికిచ్చినా చంపుతరు. నువ్వైతే లెక్క తప్పవు" అన్నది.

ఆ మాటకు హనుమాండ్లు పొంగిపోయాడు. "అమానత్ బిడ్డా ఇది, నమ్మి అప్పజెప్పిన సొమ్ము. ఫికర్ జేయకు. పొలుసు సుత రాలకుండ ఇస్త."

చీటీలో అంతా రాసి ఉంది. పొద్దున మూడు గోలీలు, సాయంత్రం రెండు. వారానికి రెండుసార్లు గోలీలకు బదులు పురుగులు, నానబెట్టి. ఆదివారం ఉపవాసం. మేత మార్చి మార్చి పెట్టాలి, ఎక్కువ మాత్రం పెట్టొద్దు. మరిచిపోకుండా హనుమాండ్లు పొద్దుటి మేతను బోణీకి ముడిపెట్టాడు. మొదటి బేరం కాగానే నోటు కళ్లకద్దుకోవడం, మూడు గోలీలు లెక్కపెట్టి తొట్టిలో వేయడం.

ఆరో రోజుకు చేప కడుపు శనగగింజలా ఉబ్బింది. ఏడో రోజు పక్కకు ఒరిగి నీటి మీద తేలింది.

హనుమాండ్లు దాన్ని ఫోన్లో వీడియో తీసుకుని పంజగుట్టలో చేపలమ్మే తారక్ దగ్గరికి పరుగెత్తాడు.

"మస్తు తినవెట్టినవ్ అన్నా" అన్నాడు తారక్, వీడియో చూసి.

"దినానికి ఐదు గోలీలే భాయ్. లెక్క నాది."

"అయితే రెండు దినాలు ఉపాసం ఉంచు."

ఉంచాడు. చేప ఇంకా ఉబ్బింది. హనుమాండ్లుకు బుర్ర తిరిగిపోయింది. ముప్పై ఏళ్ల వ్యాపారంలో లోపలికి ఏమీ పోకుండా బరువెక్కిన సరుకును అతను చూడలేదు. మళ్లీ పంజగుట్ట పోతే తారక్ నవ్వాడు. "గాలి తిని ఉబ్బదన్నా చేప. నీ చెయ్యి కాకపోతే ఇంకెవరిదో ఉంటది."

"తాళాలు, బకెట్ల మధ్యల చేపకెవడు వెడ్తడు భాయ్?"

రోజూ సాయంత్రం సంగీత ఫోన్ చేసేది. "తిన్నడా మావోడు?" "తిన్నడు బిడ్డా" అనేవాడు, ఒరిగిన చేపను చూస్తూ.

తొమ్మిదో రోజు పొద్దున మేత డబ్బా అతని కంటబడింది. ఆర్నెల్లు వస్తుందని సంగీత చెప్పిన డబ్బా సగానికి దిగింది. దొంగతనమా? చేపమేత దొంగిలించి ఎవడేం చేసుకుంటాడు? ఏమీ పాలుపోక, తను చూసుకునే తాళాల కౌంటర్ వెనక పేపర్ అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు.

పరుపుల కౌంటర్లో పనిచేసే నవీన ఒక దిండు అమ్మింది. నోటు కళ్లకద్దుకుంది. నేరుగా తొట్టి దగ్గరికి వచ్చి చిటికెడు గోలీలు వేసింది. కాసేపటికి బకెట్ల కౌంటర్ చూసే బుచ్చిబాబు మగ్గు ఒకటి అమ్మి, కళ్లకద్దుకుని, అతనూ వచ్చి చిటికెడు.

"ఏమైంది మీకు!" హనుమాండ్లు పేపర్ కింద పడేశాడు.

బుచ్చిబాబు బిత్తరపోయాడు. "ఏంటండీ హనుమాండ్లు గారూ, బోణీ అయితే చేపకి పెట్టాలని మీరేగా మొదలుపెట్టారు?"

"బోణీ దుకాణానికి ఒకటే గదయ్యా!"

"గట్లెట్ల సేటూ?" అంది నవీన. "ఎవల కౌంటర్ బోణీ వాళ్లదని, నా బోణీ నీ దాంట్ల కలపొద్దని నువ్వే గద లొల్లి వెట్టినవ్. మొన్న రెండు దినాలు నువ్వు వెడ్తలేవని, పాపం, ఇంకో చిటికెడు ఎక్కువనే వేసిన."

"నేనూనండీ" అన్నాడు బుచ్చిబాబు మెల్లగా.

హనుమాండ్లు ఎవరిని తిట్టాలో తెలియక తొట్టి వైపు చూశాడు. కౌంటర్లు విడగొట్టింది తనే. బోణీలు విడగొట్టిందీ తనే. చేపను మాత్రం విడగొట్టలేదు.

డబ్బా బీరువాలో పెట్టి తాళం వేశాడు. నీళ్లు కొంత కొంత మార్చాడు. మూడు రోజులు నిజమైన ఉపవాసం ఉంచాడు. తర్వాత తారక్ మంచుబిళ్లల్లో గడ్డకట్టించి ఇచ్చిన నీటిపురుగులను ఇంటి ఫ్రిజ్‌లో దాచి, కరిగించి, నాలుగైదు వేశాడు. ఇంట్లో భార్య లచ్చమ్మ మాత్రం, "పాలపాకెట్ల పక్కన పురుగులేందయ్యా!" అని ఒక పూట అన్నం పెట్టలేదు. పద్నాలుగో రోజు చేప నిటారుగా ఈదింది. పదహారో రోజు అద్దం మీద వేలు పెడితే మొప్పలు విప్పి పోట్లాటకు వచ్చింది.

సంగీత వచ్చిన రోజు అతను ఏదీ దాచలేదు. ఆమె మొదట నవ్వింది. తర్వాత ముఖం చిన్నబోయింది.

"మరి దేంతోని బాగయిండు కాకా?"

"గదే సమజైతలేదు బిడ్డా. ఉపాసం, నీళ్లు, పురుగులు, అన్నీ ఒక్కపారే జేసిన. ఏది పనిజేసిందో నాకు తెల్వది."

ఆమె తొట్టిని ఆటోలో ఒళ్లో పెట్టుకుని వెళ్లిపోయింది. హనుమాండ్లు గల్లా ముందు కూర్చుని లెక్క చూసుకున్నాడు. నిండు డబ్బా తీసుకుని సగం డబ్బా ఇచ్చాడు, అది నష్టం. చేపను ప్రాణంతో ఇచ్చాడు, కానీ చావు దాకా తీసుకుపోయింది తన దుకాణమే కాబట్టి దాన్ని లాభంలో వేయడానికి మనసొప్పలేదు. తిన్నడు బిడ్డా అని బొంకిన సాయంత్రాలను ఎటు వేయాలో తోచలేదు. చివరికి లాభం కింద ఒక్కటే తేలింది. ఆటో కదిలేముందు సంగీత, "మళ్ల ఊరికి పోతే నీ దగ్గర్నే వెడ్త" అన్నది. అంతా విన్నాక కూడా ఎందుకన్నదో అతనికి ఎంతకీ అర్థం కాలేదు. అర్థం కాకుండానే లాభంలో వేసుకున్నాడు.