డీజిల్లో నీళ్లు

బాలానగర్ చౌరస్తా ఇంకో ఫర్లాంగు ఉందనగా నర్సింహ డీజిలు కారు రెండుసార్లు దగ్గి, వణికి, నడిరోడ్డు మీద ఆగిపోయింది. తాళం తిప్పాడు. ఇంజను గిర్రున తిరుగుతోంది కానీ అందుకోవడం లేదు. ఆ చప్పుడు అతనికి కొత్త కాదు.

"మళ్లీ పంపేనా అండీ?" అని వెనక సీట్లోంచి జయంతి అడిగింది. మాదాపూర్‌లో కొత్తగా లేచిన అద్దాల మేడలో ఆమెకు కంప్యూటరు ఉద్యోగం. రోజూ బోయిన్‌పల్లిలో ఎక్కించుకుని అక్కడ దించడం నర్సింహ పని.

"గట్లనే ఉంది మేడం. కానీ ఎట్లయితది? ఇది కొత్త పంపు! నా కండ్ల ముందట సీలు విప్పించి పెట్టించిన. మూడు నెలలు గూడ కాలే!"

ఆమె గడియారం చూసుకుని ఆటో ఎక్కి వెళ్లిపోయింది. నర్సింహ స్టీరింగు పట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు. పంపంటే మాటలా! ట్యాంకులోని డీజిలును బలంగా ఒత్తి ఇంజనులోకి కొట్టేది అదే. అది పోతే కారు ఉత్త ఇనుప పెట్టె. కానీ ఇప్పుడు అతని ఒళ్లు చల్లబడింది అందుకు కాదు. ఈ పంపు మీద లింగయ్య చెయ్యి పడలేదు.

లింగయ్య ఎవరంటారా? ఇదే బాలానగర్‌లో ఇరవై ఏళ్లుగా డీజిలు పంపులు బాగుచేస్తున్న మిస్త్రీ, నర్సింహకు చిన్నప్పటి దోస్తు. మొదటిసారి పంపు పోయినప్పుడు నర్సింహ దాన్ని ఊడదీసి, గోనెసంచిలో కట్టి, బస్సులో అతని షాపుకే మోసుకెళ్లాడు. మాదాపూర్ కార్ల అడ్డా మీది డ్రైవర్లందరి పద్ధతీ అదే. కారు ఇంటి దగ్గర, పంపు మిస్త్రీ దగ్గర. లింగయ్య బాగుచేసి ఇచ్చి, "డీజిల్ల నీళ్లు కలుస్తున్నయిరా, జర చూస్కో" అన్నాడు. నర్సింహ బంకు మార్చాడు. రెండు నెలలకే పంపు మళ్లీ పోయింది. మళ్లీ గోనెసంచి, మళ్లీ నీళ్ల మాటే. ఈసారి నర్సింహకు ఒళ్లు మండింది. మాదాపూర్ అడ్డా మీద ముప్పై మంది డ్రైవర్ల ముందు నిలబడి, "నీళ్లు లేవు, పాడు లేదు! నా పంపుల అసలు సామాను కొట్టేసి డూప్లికేటు ఎక్కించిండు. లింగయ్య దొంగ!" అని అరిచాడు. ముప్పై మందీ నమ్మారు. నమ్మరా మరి, చెప్పింది ప్రాణస్నేహితుడాయె! ఆ తర్వాత ఆ అడ్డా నుంచి ఒక్క పంపు కూడా లింగయ్య షాపుకు పోలేదు.

ఎదురుగా కనిపించిన షాపు దాకా నలుగురి చేత కారు తోయించాడు నర్సింహ. ఓనరు రవీందర్ బానెట్ ఎత్తి చూసి, "ఫికర్ చెయ్యకు అన్నా. నెల కింద మంచి పనోడు దొరికిండు. పంపు ముట్టుకుంటే రోగం చెప్తడు" అంటూ లోపలికి కేకేశాడు.

చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది లింగయ్య!

షాపు గోడ మీద తన పేరు పెద్ద అక్షరాలతో రాయించుకున్న మనిషి, ఇప్పుడు ఇంకొకడి దగ్గర కూలికి! నర్సింహ అడిగాడు, "నీ షాపు?"

"బందు పెట్టిన" అన్నాడు లింగయ్య. అంతే. తిట్టలేదు, ఎత్తిపొడవలేదు. తిడితే ఎంత బాగుండును! పానా తీసుకుని పంపు విప్పడానికి వంగాడు.

పంపు లోపలి కడ్డీని తీసి వెలుతురులో పట్టాడు. అద్దంలా మెరవాల్సిన ఉక్కు మీద ఎర్రటి తుప్పు, పొడుగునా గీతలు. "దీనికి ఏరే ఆయిల్ ఉండదు. డీజిలే దీని ఆయిల్. నీళ్లు జొరబడితే ఇనుము ఇనుము రాసుకుంటది" అన్నాడు, నర్సింహను కాదు, రవీందర్‌ను చూస్తూ. ఫిల్టరు అడుగున ఉన్న స్క్రూ విప్పితే ముందు నీళ్లే వచ్చాయి. "వారానికోపారి ఇది విప్పి నీళ్లు ఇడవాలె. ఎన్నడన్న విప్పినవా?"

నర్సింహ తల అడ్డంగా ఊపాడు.

లింగయ్య లేచి కారు చుట్టూ తిరిగాడు. ఇన్నాళ్లూ అతను చూసింది సంచిలో వచ్చిన పంపునే గానీ కారును కాదు. ట్యాంకు దగ్గర ఆగాడు. మూత లేదు. ఎప్పుడో ఏ బంకులోనో పోతే, నర్సింహ ఆ నోట్లో పాత తువ్వాల ముక్క కుక్కాడు. లింగయ్య దాన్ని లాగి పిండాడు. నీళ్లు ధార కట్టాయి.

"పొద్దుగాల లేచి కారుకు ఏం చేస్తవ్?"

"కడుగుత."

ఎలా కడుగుతాడో అడగండి! డ్రైవరు కాకముందు పదేళ్లు బర్లను సాకి పాలమ్మిన చెయ్యి అది. బర్రెను కడిగినట్టే పైపు పట్టి, వీపూ, డొక్కలూ, ఏ సందూ వదలకుండా అరగంటసేపు కడుగుతాడు. నర్సింహ కారంత తళతళలాడే కారు అడ్డా మీద లేదని పేరు. ఆ కడుగుడే రోజూ కాసిని నీళ్లను గుడ్డలోంచి ట్యాంకులోకి దించింది. మూడుసార్లూ పంపును అదే మింగింది.

"నేనేనా?" అన్నాడు నర్సింహ. "లింగా, నేనేనారా! నీ షాపు నేనే మూయించిన్నా!"

లింగయ్య తుప్పు పట్టిన కడ్డీని అతని చేతిలో పెట్టాడు. "నాకు చెప్తే ఏమొస్తది? యాడ అన్నవో ఆడ చెప్పు."

మర్నాడు పొద్దున్నే నర్సింహ సిటీ బస్సు దిగి అడ్డా మీద నిలబడ్డాడు. కడ్డీని పైకెత్తి చూపించాడు. మూత సంగతి, గుడ్డ సంగతి, పైపు సంగతి ఏదీ దాచకుండా చెప్పాడు. "లింగయ్య తప్పేం లేదు. తప్పు నాది. నేనే అబద్ధమాడిన" అన్నాడు.

ముందు వరసలో బీడీ కాలుస్తున్న డ్రైవరు ఒకడు కన్నుగీటాడు. "గీ మాట అననీకి లింగయ్య ఎంతిచ్చిండే నీకు?"

ముప్పై మందీ పగలబడి నవ్వారు. "నా పిల్లల మీద ఒట్టు!" అని అరిచాడు నర్సింహ. ఇంకా నవ్వారు. లింగయ్య దొంగ అన్న రోజున వాళ్లలో ఒక్కరు కూడా నర్సింహను ఒట్టు పెట్టమనలేదు.